బ్యాటరీ పోయిందన్నారా? ఏ సెల్ పోయిందో అడగండి

ప్రశ్న: సార్, మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు. మూడేళ్ల కిందట ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పెట్టించుకున్నాం. మొదట్లో నాలుగు గంటలు నిక్షేపంగా వచ్చేది. మొన్న గంగమ్మ జాతరకు చుట్టాలు వచ్చినప్పుడు కరెంటు పోతే ఇరవై నిమిషాలకే బీప్ బీప్‌మని ఆగిపోయింది. కరెంటు వచ్చిన అరగంటకే ఫుల్ చార్జ్ అని చూపిస్తుంది. మళ్లీ పోతే మళ్లీ ఇరవై నిమిషాలే. కొన్న షాపతను వచ్చి పైపైన చూసి, ‘బ్యాటరీ పోయిందమ్మా, కొత్తది వేసుకోండి’ అన్నాడు. పక్కింటాయనేమో ఒక లీటరు యాసిడ్ పోస్తే లేస్తుందంటున్నారు. మూతలు తీసి చూస్తే రెండు గదుల్లో నీళ్లు బాగా అడుగుకు పోయి ఉన్నాయి. మా అబ్బాయి తాగే క్యాన్ నీళ్లు కొంచెం పోశాడు. ఎర్ర వైరు దగ్గర పచ్చగా, తెల్లగా పొడి పట్టింది. బ్యాటరీ మెట్ల కింద, దేవుడి గూటి పక్కనే ఉంటుంది. మా ఆయన శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది నేను, అత్తగారు, పిల్లలు. కొత్త బ్యాటరీ అంటే చాలా డబ్బు. ఇది నిజంగానే పోయిందా? ఇంకో సంగతి. చంద్రగిరి దగ్గర మా పుట్టింట్లో కరెంటు ఉండగానే ఇన్వర్టరు బ్యాటరీ మీదికి పోతోంది. ఎందుకు?

– ఒక గృహిణి, తిరుపతి

సమాధానం: అమ్మా, మిగతా మాటలు తర్వాత. ఈ సాయంత్రం దీపం పెట్టేలోపు ఒక పని చేయాలి. దేవుడి గూడైనా, బ్యాటరీ అయినా, రెండింటిలో ఒకటి అక్కడి నుంచి కదలాలి. దేవుణ్ణి కదిలిస్తే అత్తగారు ఒప్పుకోరు కాబట్టి బ్యాటరీనే జరిపించండి. చార్జింగు అయ్యేటప్పుడు బ్యాటరీలోని నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరిందంటే చాలు, చిన్న నిప్పు తగిలినా పేలుతుంది. తేలికైన వాయువు కదా, పైకి లేస్తుంది. మీ ఇంట్లో పైన మెట్లు అడ్డం, కింద దీపం. గాలి ఆడే చోటికి, ఎండ పడని గోడ పక్కకు మార్పించండి. నీళ్లు నిండిన ఈ సైజు బ్యాటరీ యాభై కిలోల పైమాటే. ఇద్దరు మగవాళ్లు పట్టాలి, పక్కకు వంచకూడదు. అది కుదిరేదాకా దీపం హాల్లో వెలిగించండి, అగరొత్తులు కూడా.

రెండోది, యాసిడ్ పొయ్యకండి. బ్యాటరీలో రోజూ తగ్గేది నీళ్లు మాత్రమే. ఒలికిపోతే తప్ప యాసిడ్ ఎక్కడికీ పోదు. బ్యాటరీ దిగిపోయినప్పుడు అది లోపలి సీసం పలకల్లోకి చేరుతుంది, చార్జి ఎక్కితే తిరిగి నీళ్లలోకి వస్తుంది. పైనుంచి యాసిడ్ పోస్తే కొలిచినప్పుడు రీడింగు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. జ్వరం తగ్గకుండానే థర్మామీటరును చన్నీళ్లలో ముంచి సంతోషపడ్డట్టే. లోపల పలకలు మాత్రం ఇంకా తొందరగా తినేసుకుపోతాయి. మీ పక్కింటాయన్ని తప్పుబట్టను. 1985లో గల్లా రామచంద్రనాయుడు కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల కంపెనీ మొదలుపెట్టినప్పటి నుంచి మన వైపు బ్యాటరీ గురించి సలహా చెప్పలేని మనిషి లేడు. సగం మంది నిజంగా తెలిసినవాళ్లే. తంటా అంతా మిగతా సగంతోనే.

ఇక మీ అసలు ప్రశ్న. పోయిందా లేదా అన్నది పైనుంచి చూసి చెప్పే విద్య ఎవరికీ లేదు. ఆ బ్యాటరీ ఒక పెట్టెలా కనిపిస్తుంది గానీ, లోపల ఆరు గదులు. ఒక్కో గదినే సెల్ అంటారు. ఒక్కో గదికి సుమారు రెండు వోల్టులు, ఆరూ వరసగా కలిస్తే పన్నెండు. ‘బ్యాటరీ పోయింది’ అన్నవాణ్ణి ‘ఏ సెల్ పోయింది, గ్రావిటీ ఎంత వచ్చింది’ అని అడగండి. గ్రావిటీ అంటే లోపలి యాసిడ్ నీళ్ల చిక్కదనం. కొలిచినవాడైతే ఆరు అంకెలు చెబుతాడు. కొలవనివాడు కొత్త బ్యాటరీ ధర చెబుతాడు.

మీ ఉత్తరంలోనే నాకు చాలా సంగతులు దొరికాయి. అరగంటలో ఫుల్ అవుతోంది, ఇరవై నిమిషాల్లో అయిపోతోంది అన్నారు. పూడిక పడిన చెరువును చూసే ఉంటారు. ఒక్క వానకే నిండి అలుగు పారుతుంది. నెల తిరక్కముందే ఎండుతుంది. నిండింది నిజమే, పట్టింది మాత్రం పిడికెడు. నీళ్లు అడుగంటి పలకలు గాలికి ఎండినా, చాలాకాలం సగం చార్జిలోనే ఉండిపోయినా పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అదే ఈ పూడిక. ఇన్వర్టరు డిస్‌ప్లే చాలావరకు వోల్టేజీ చూసి ‘ఫుల్’ అంటుంది గానీ లోపల ఎంత ఉందో దానికి తెలియదు.

అయితే సరిగ్గా ఇదే లక్షణం ఇంకో చిన్న కారణం వల్ల కూడా వస్తుంది. మీ ఎర్ర వైరు దగ్గరి ఆ పొడి. టెర్మినల్ మీద అది పేరుకుంటే కరెంటు దారి ఇరుకైపోతుంది. చార్జి చేసేటప్పుడు ఇన్వర్టరుకు అసలుకన్నా ఎక్కువ వోల్టేజీ కనిపించి, నిండిందనుకుని తగ్గించేస్తుంది. వాడేటప్పుడు తక్కువ కనిపించి, అయిపోయిందనుకుని ఆపేస్తుంది. బ్యాటరీ బాగానే ఉన్నా సరే. ఒక్క నట్టు వదులైనందుకు బ్యాటరీలు మార్చుకున్న ఇళ్లు నేను చూశాను. అందుకే డబ్బు ఖర్చు లేని పని ముందు.

ఆ పని ఎలాగో చెబుతాను. మీ ఆయన సెలవు రోజున ఇద్దరూ కలిసి చేయండి. గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి, నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకోండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. నా ఇరవై రెండో ఏట ఒక స్పానర్ చేయి జారి రెండు టెర్మినల్స్‌కు అడ్డంగా పడింది. ఒక్క క్షణంలో ఎర్రగా కాలి, అంచు కరిగిపోయింది. పన్నెండు వోల్టులు షాకు కొట్టవు కదా అని ధీమాగా ఉండేవాణ్ణి. షాకు కొట్టదు నిజమే, చెయ్యి కాలుస్తుంది. ఆ స్పానర్ ఇప్పటికీ నా దగ్గరుంది.

ముందు ఇన్వర్టరు స్విచ్చి ఆపి, గోడ దగ్గర ప్లగ్గు కూడా తీసేయాలి. నల్ల వైరు మొదట విప్పాలి, తర్వాతే ఎర్రది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసమని నురగ వస్తుంది, పొడి కరిగిపోతుంది. మూతలన్నీ గట్టిగా బిగించి ఉండాలి. సోడా నీళ్లు ఒక్క చుక్క లోపలికి పోయినా అక్కడి యాసిడ్‌ను చంపేస్తుంది. ఆరాక వైరు చివరి లగ్గును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. ఈసారి ఎర్రది ముందు, నల్లది చివర. నల్లది తగిలించేటప్పుడు చిటుక్కున చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయపడకండి. అందుకే ఈ పనికి ముందు కిటికీలు తెరిచి పెట్టుకోవాలి. బిగించాక పైన పల్చగా వాసెలిన్ రాయండి. బిగించక ముందు రాయకూడదు. తర్వాత రెండు ఫ్యాన్లు వేసి పావుగంట ఆగి, లగ్గుల దగ్గర చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆ బిగింపు ఇంకా సరిగా లేదు.

ఇప్పుడు నీళ్లు. క్యాన్ నీళ్లు తాగడానికి మంచివే, బ్యాటరీకి కాదు. ఆర్‌వో మిషన్‌లో వడకట్టినా కొన్ని లవణాలు మిగులుతాయి, రుచి కోసం కొందరు మళ్లీ కలుపుతారు కూడా. నీరు ఆవిరైపోయాక అవి లోపలే మిగిలిపోతాయి, ఉత్తినే కూర్చున్న బ్యాటరీని కూడా నెమ్మదిగా దింపేస్తుంటాయి. పోసింది కొంచెమే అన్నారు కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి. దాన్ని తీయడానికి బ్యాటరీని మాత్రం వంచొద్దు. ఇక మీదట డిస్టిల్డ్ వాటరే. ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా అని చాలామంది పడతారు. ఆవిరి నుంచి వచ్చిందే గానీ, దుమ్మూ లోహమూ కడుక్కుంటూ వస్తుంది. లీటరు డిస్టిల్డ్ వాటరు ధర చూస్తే ఆ కక్కుర్తి అక్కర్లేదు.

నీళ్లు పోయడంలోనూ ఒక పద్ధతి ఉంది. పలకలు తేలి కనిపిస్తున్న రెండు గదుల్లో, అవి మునిగేంత వరకే ముందు పోయండి. నిండుగా పోస్తే చార్జింగులో పొంగి యాసిడ్ నేల మీదికి వస్తుంది. పూర్తి చార్జి అయ్యాక గుర్తు దాకా నింపండి. మిగతా నాలుగు గదులకు కూడా అప్పుడే చూసుకుంటే చాలు. నీటిమట్టం చూపే ఫ్లోటు పైగుర్తు దాటకూడదు. కళ్లద్దాలు లేకుండా మూత మీదికి వంగకండి. యాసిడ్ చర్మం మీదో కంట్లోనో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి, కంట్లో పడితే ఆ వెంటనే ఆసుపత్రికి.

ఇప్పుడు ఒక రోజు పూర్తిగా చార్జి పెట్టాలి. పన్నెండు నుంచి పదిహేను గంటలు, మధ్యలో ఇన్వర్టరు మీద ఏదీ వాడకుండా. డిస్‌ప్లే ఫుల్ అన్నా నమ్మకుండా వదిలేయండి. మీ ఇన్వర్టరులో ట్యూబులర్, ఫ్లాట్, సీల్డ్ అని బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్చి వెనకవైపు ఉంటే, అది ట్యూబులర్ మీద ఉందో లేదో చూడండి. సీల్డ్ మీద ఉంటే చార్జి ఎప్పుడూ కాస్త తక్కువే ఎక్కుతుంది. మూడేళ్లలో పూడిక పడటానికి ఆ ఒక్క తప్పు చాలు. చార్జి జరుగుతుండగా టెర్మినల్స్ మీద వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే చివర్లో పద్నాలుగు పైన, 14.2 నుంచి 14.4 వోల్టుల దాకా కనిపించాలి. గంటలు గడిచినా పదమూడు కూడా దాటకపోతే తప్పు ఇన్వర్టరు చార్జింగులోనైనా ఉంది, లేదా ఒక గది లోపల షార్ట్ అయి ఉంది. షార్ట్ అయితే ఆ గది పక్క గోడ మిగతా వాటికన్నా బాగా వేడెక్కుతుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా రావచ్చు. ఆ వాసన వచ్చిందంటే ఇంకేమీ పరీక్షించొద్దు. స్విచ్చి ఆపి తలుపులు తెరిచి, మనిషిని పిలవండి.

అలాంటిదేమీ లేకపోతే చార్జి అయ్యాక వైర్లు విప్పి నాలుగైదు గంటలు బ్యాటరీని ఊరికే ఉంచి కొలవండి. 12.5 దగ్గరో, ఆపైనో ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 10.5 దగ్గర ఆగిపోయిందంటే ఒక గది పూర్తిగా చచ్చినట్టే, రెండు వోల్టులు అచ్చంగా మాయం.

ఆ తర్వాతే గ్రావిటీ. దాన్ని కొలిచే హైడ్రోమీటర్ కొన్ని వందల్లో దొరుకుతుంది. లేదంటే షాపతన్నే తెచ్చి, మీ ముందు కొలవమనండి. మెకానిక్కులు ‘పన్నెండు నలభై’ అంటే 1.240 అని. ట్యూబులర్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారుగా అంత ఉండాలి, మీ దానికి ఎంతో వారంటీ కార్డులో ఉంటుంది. ఆ అంకె 27 డిగ్రీల దగ్గర చెప్పింది. మన ఊళ్లో మే నెలలో బ్యాటరీ నీళ్లు నలభై డిగ్రీలు ఉంటే రీడింగు ఓ పది పాయింట్లు తక్కువ చూపుతుంది. పన్నెండు ముప్పై వచ్చిందని కంగారు పడొద్దు. చూడాల్సింది ఆరింటి మధ్య తేడా. అయిదు గదులు పన్నెండు ముప్పై దగ్గర ఉండి ఒకటి పదకొండు ఎనభై అంటే, ఆ ఒక్కటి మిగతా అయిదింటినీ కిందికి లాగుతోంది. ఆరూ కలిసికట్టుగా తక్కువ ఉంటే అది చావు కాదు, ఆకలి. ఇంకోసారి పొడుగ్గా చార్జి పెట్టి చూడొచ్చు.

నా అంచనా అడిగితే, ఆ ఎండిన రెండు గదులు పూర్తిగా కోలుకోవు. ఎండిన పలక మళ్లీ మొదటిలా కాదు. కానీ మీ ఇరవై నిమిషాల్లో కొంత ఆ టెర్మినల్ పొడిది, కొంత జాతరది. ఎందుకంటే లెక్క చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), పన్నెండు వోల్టులు, గుణిస్తే 1800 వాట్ అవర్లు. ఆ 150 అన్నది ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. మామూలు రోజుల్లో రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, వైఫై డబ్బా అనుకుందాం. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, కాబట్టి మొత్తం రెండొందల లోపే. మీరు చెప్పిన నాలుగు గంటలు దానికి నిక్షేపంగా వస్తాయి. జాతర రోజున? నాలుగు సీలింగు ఫ్యాన్లు, చుట్టాల కోసం రెండు టేబుల్ ఫ్యాన్లు, టీవీ, అన్ని గదుల్లో లైట్లు. అయిదు వందల పైకి పోయి ఉంటుంది. లోడు మూడింతలైతే సమయం మూడో వంతు కాదు, అంతకన్నా తక్కువ. గబగబా లాగితే బ్యాటరీ ఉన్నదంతా ఇవ్వదు. కొత్త బ్యాటరీ అయినా ఆ రోజు మీ మామూలు నాలుగు గంటలు నిలిచేది కాదు. షాపతను చెప్పినట్టు కొత్తది కొని, వచ్చే జాతరకు మళ్లీ చుట్టాలొస్తే మీరు మళ్లీ అతన్నే తిట్టుకునేవారు. ఇంట్లో రెండు గదుల్లోనైనా ఇరవై ఎనిమిది, ముప్పై వాట్లే తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు వేసుకోండి. బ్యాకప్ పెంచుకోవడానికి కొత్త బ్యాటరీ కంటే అదే మంచి ఖర్చు అని నా అభిప్రాయం. మిక్సీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు మాత్రం ఆ లైను మీదికి రానివ్వకండి.

పరీక్ష చివరన రెండు ఫ్యాన్లు, మూడు లైట్లతో ఒకసారి నడిపి టైము చూడండి. రెండు గంటలు దాటితే ఈ ఎండాకాలం గడుస్తుంది, కొత్తది ఇప్పుడే అక్కర్లేదు. అరగంటకే పడిపోతే మార్చాల్సిందే. అప్పుడైనా డబ్బు తీసే ముందు వారంటీ కార్డు వెతకండి. మూడేళ్లు అన్నారు, తేదీ చూడండి. కొన్ని బ్యాటరీలకు మొదటి గడువులో ఉచితంగా మారుస్తారు, ఆ తర్వాతి గడువులో ధర తగ్గించి ఇస్తారు. మీ షాపతను కార్డు అడగకుండానే కొత్తది అన్నాడంటే నాకు కొంచెం అనుమానంగానే ఉంది. వారంటీ అయిపోయి ఉంటే పాతదాన్ని ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చి ధర తగ్గించుకోండి. అందులో సీసం ఉంటుంది, దానికి విలువ ఉంది. నీళ్లు కాలవలో వంపి డబ్బా తీసుకుపోతానన్నవాడికి ఇవ్వకండి.

లిథియం పెట్టుకోమని ఎవరో ఒకరు అంటారు. మంచిదే, నీళ్ల గొడవ ఉండదు. కానీ మీ పాత ఇన్వర్టరుకు లిథియం చార్జింగు సెట్టింగు లేకపోతే ఊరికే ఇది తీసి అది పెట్టేయడం కుదరదు.

చంద్రగిరి సంగతి చిన్నది. ఆ ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ అనీ, నార్మల్ మోడ్ అనీ చిన్న స్విచ్చి ఉంటుంది. యూపీఎస్ మీద ఉంటే వోల్టేజీ 180 కిందికి దిగగానే కరెంటు లేనట్టే లెక్కేసి బ్యాటరీ మీదికి పోతుంది. ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి ఆడే వేళ వోల్టేజీ అలా దిగుతుంది. నార్మల్‌కు మారిస్తే బాగా తక్కువ వోల్టేజీ దాకా ఓర్చుకుంటుంది. కంప్యూటరు ఉంటేనే యూపీఎస్ మోడ్ కావాలి. మార్చాక కూడా అలాగే చేస్తే, వోల్టేజీ కొలిచి 1912కు ఫోన్ చేసి లైను ఫిర్యాదు ఇవ్వమనండి. నాన్నగారు వాళ్లు ఇంటికి తాళం వేసి నెలల తరబడి ఎక్కడికైనా వెళ్తే మాత్రం మెయిన్ ఆపేసి వెళ్లొద్దని చెప్పండి. దిగిన బ్యాటరీ దిగినట్టే నెలలు కూర్చుంటే వచ్చేసరికి పూడికే. ఆపక తప్పదంటే పూర్తిగా చార్జి పెట్టి, నల్ల వైరు విప్పి వెళ్లాలి.

మీరు టెర్మినల్స్ కడిగి, నీళ్లు పోసి, ఒక రోజు చార్జి పెట్టాక ఆరు గదుల గ్రావిటీ వరసగా రాసి పంపండి. ఎర్ర వైరు వైపు గదిని ఒకటిగా లెక్కపెట్టండి. బ్యాటరీ మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను.